బానెట్ తాళం ఎవరి చేతిలో?

2024 శాసనసభ ఎన్నికల్లో కుప్పం నుంచి పోటీ చేసిన నారా చంద్రబాబు నాయుడు అఫిడవిట్‌లో తన వాహనంగా చూపించింది ఒకే ఒక్క కారు. 1994 మోడల్ అంబాసిడర్, విలువ రెండు లక్షల పైచిలుకు. అదే ఏడాది డిసెంబరులో ఏడీఆర్ సంస్థ దేశంలోని ముఖ్యమంత్రుల ఆస్తులన్నీ లెక్కగట్టి, 931 కోట్లతో ఆయనే అందరికంటే సంపన్నుడని తేల్చింది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి మెచ్చుకున్నవాళ్లున్నారు, ముసిముసిగా నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. నిజానికి అందులో వింతేమీ లేదు. ముఖ్యమంత్రి తిరిగేది ప్రభుత్వ కాన్వాయ్‌లో. 393 నంబరు అంబాసిడర్ ఆయనకో జ్ఞాపకం. జ్ఞాపకంగా దాచుకున్న కారు తెల్లారగానే సెల్ఫ్ ఎత్తుకుంటుందో లేదో అన్న బెంగ ఎవరికీ ఉండదు.

అనంతపురం నుంచి కదిరి మీదుగా వచ్చి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి కృష్ణగిరిలో తేలే 42వ నంబరు జాతీయ రహదారి పొడవునా ఆ బెంగ ఉంటుంది. అక్కడ పాత కారంటే పనిముట్టు. టమోటా మండీకి పోవాలన్నా, డ్రిప్ పైపుల కట్ట డిక్కీలో వేసుకుని తోటకు పోవాలన్నా, ముసలి తల్లిని ఆస్పత్రికి తీసుకుపోవాలన్నా అదే దిక్కు. ఇప్పుడు అదే రోడ్డు మీద బెంజ్‌లు, బీఎండబ్ల్యూలు కూడా తిరుగుతున్నాయి. బెంగళూరు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు, గ్రానైట్, రియల్ ఎస్టేట్, కాంట్రాక్టుల డబ్బు కళ్లముందే కదులుతున్నప్పుడు తిరగకుండా ఎలా ఉంటాయి? దాంతో పాత చిన్న కారు మేలా, కొత్త లగ్జరీ సెడాన్ మేలా అన్న వాదం టీ అంగళ్ల దగ్గర తరచూ లేస్తోంది. వాదించేవాళ్లు ఎక్కువగా ధర గురించీ మైలేజీ గురించీ మాట్లాడతారు. అసలు విషయం బానెట్ కింద ఉంది.

మొదట పాతదాని సంగతి. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి యజమానికి తాళాలు అందిన మారుతి 800, ఈ దేశంలో మధ్యతరగతికి కారు అలవాటు చేసింది. 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్‌పవర్. పొడవు 3.3 మీటర్లు, చక్రాలు 12 అంగుళాలు, బరువు 650 కిలోల చుట్టుపక్కల. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధనలు రావడంతో హైదరాబాద్, బెంగళూరు, చెన్నై సహా 13 నగరాల్లో దీని అమ్మకాలు ఆగిపోయాయి. మిగతా ఊళ్లలో మాత్రం సాగాయి. 2014 జనవరిలో ఫ్యాక్టరీ తయారీ ఆపేసేదాకా ఈ కారును కొత్తగా కొన్నది మదనపల్లె, పుంగనూరు లాంటి ఊళ్లవాళ్లే. పట్నం వదిలేసిన కారును చిన్న ఊళ్లు నాలుగేళ్లు ఎక్కువగా ఆదరించాయి. అందుకే ఈ ప్రాంతంలో ఇప్పటికీ అవి కనిపిస్తాయి.

ఇక కొత్తది. 2024 అక్టోబరులో మన దేశంలో విడుదలైన మెర్సిడెస్ ఈ-క్లాస్‌నే తీసుకుందాం. పొడవు 5 మీటర్లు దాటింది. పెట్రోలు మోడల్‌లో 1999 సీసీ ఇంజిను, 204 హార్స్‌పవర్, తొమ్మిది గేర్ల ఆటోమేటిక్. విడుదలనాటి షోరూం ధర 78.5 లక్షల నుంచి మొదలు. ఆంధ్రప్రదేశ్‌లో 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ టాక్స్ 18 శాతం. అంటే ఒక్క లైఫ్ టాక్సే 14 లక్షలు పైన. 2024 నవంబరులో వచ్చిన కొత్త మారుతి డిజైర్ ప్రారంభ ధర 6.79 లక్షలు. బెంజ్ కొన్న ఆసామి ఖజానాకు కట్టే పన్నుతో షోరూం ధరకు రెండు డిజైర్లు వస్తాయి. ప్రభుత్వానికి అంత ఆదాయమిచ్చే వాహనాన్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు, నిజమే. కానీ కొనేవాడు లెక్క వేసుకోవడం తప్పు కాదు కదా.

ఇంతకీ ఆ లెక్క ఈ ప్రాంతంలో వేరుగా ఉంటుంది. 2023 జూలై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో కిలో టమోటా దాదాపు 200 రూపాయలు పలికింది. సోమల మండలంలో ఒక రైతు కుటుంబం ఒక్క పంటకే కోట్లు కళ్లజూసిందని పత్రికలన్నీ రాశాయి. మళ్లీ సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలింది. ఇక్కడ డబ్బు ఇలా వస్తుంది, వస్తే వరద, లేకపోతే ఎండ. బ్యాంకు కంతు మాత్రం నెలనెలా ఐదో తేదీకి ఠంచనుగా వస్తుంది. ఏడాదికోసారి భారీ సర్వీసు బిల్లు రాసే కారుకు ఈ ఆదాయం సరిపడదు. పని పడ్డప్పుడు చేతిలో ఉన్నంత ఖర్చుతో నడిచే కారైతే సరిపోతుంది.

బానెట్ దగ్గరికి వద్దాం. కార్బొరేటర్ ఉన్న పాత 800 బానెట్ ఎత్తితే ఇంజిను పక్కనుంచి కిందికి చూస్తే నేల కనిపిస్తుంది. చేయి పెట్టడానికి చోటుంటుంది. బండి దగ్గుతూ ఆగిపోతే మెకానిక్ ముందు ప్లగ్గులు విప్పి కొస చూస్తాడు. నల్లగా మసిబారి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని అర్థం. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తాడు. కుదరకపోతే కార్బొరేటర్ ఊడదీసి, జెట్లు పెట్రోల్లో కడిగి, నోటితో ఊది పట్టుకుంటాడు. ఫ్యాన్ బెల్టు తెగినా, క్లచ్ కేబుల్ తెగినా పక్క సందులో విడిభాగాల అంగడి. బ్యాటరీ దిగిపోతే ఇద్దరు తోస్తే చాలు, సెకండ్ గేర్లో క్లచ్ వదిలితే అంటుకుంటుంది. కొత్త బ్యాటరీ కావాలంటే అదీ దూరం నుంచి రానక్కర్లేదు, తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా వాళ్లు తయారు చేసేదే. ఈ వైద్యమంతా నేర్చుకున్న మెకానిక్కులు పుస్తకం చదివి నేర్చుకోలేదు. పదేళ్ల వయసులో స్పానర్లు అందిస్తూ, దెబ్బలు తింటూ నేర్చుకున్నారు.

ఈ-క్లాస్ బానెట్ ఎత్తితే కనిపించేది నల్లటి ప్లాస్టిక్ మూత. దాని కింద ఏం జరుగుతోందో సెన్సర్లకు తెలుసు, వాటినుంచి కంప్యూటర్‌కు తెలుసు, ఆ కంప్యూటర్‌తో మాట్లాడటానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. డాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగితే మదనపల్లె మెకానిక్ ఆ దీపాన్ని చూడగలడు, అంతే. చాలా బీఎండబ్ల్యూలకు ఉండే రన్‌ఫ్లాట్ టైర్ల సంగతి చూడండి. గాలి పూర్తిగా పోయినా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా సుమారు 80 కిలోమీటర్ల దాకా నడవవచ్చని చెబుతారు. గొప్ప సదుపాయమే. జర్మనీలో 80 కిలోమీటర్లలోపు షోరూం దొరుకుతుందేమో. కుప్పంలో రాత్రి పదింటికి టైరు పగిలితే బెంగళూరు వంద కిలోమీటర్ల పైన. స్టెప్నీ మార్చుకుని, పొద్దున పంక్చర్ అంగడి తెరిచాక చూసుకుందామనుకునే నింపాది ఆ కారులో లేదు.

లగ్జరీకీ, చేత్తో పని చేసుకోవడానికీ పుట్టుకతో వైరమేమీ లేదు. మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్నప్పుడు ఇంట్లో గడియారం మొత్తం విప్పేసి, మళ్లీ బిగించేదాకా బడికి పోనని, అన్నం తిననని మొండికేశారని ఆయన జీవితచరిత్రకారిణి మేరీ లటియన్స్ రాశారు. పెద్దయ్యాక ఆయనకు మంచి కార్లంటే మక్కువ, ముఖ్యంగా మెర్సిడెస్ అంటే. తానే కడిగేవారు, తుడిచేవారు, జాగ్రత్తగా నడిపేవారు. ఆ కాలపు మెర్సిడెస్ ఖరీదైనదే, కానీ ఓర్పున్న మనిషి విప్పి చూడగలిగిన యంత్రం. ఇప్పటి మెర్సిడెస్‌ను కృష్ణమూర్తి విప్పినా బిగించలేరు. బిగించినా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు.

ఇంతవరకూ చదివి పాత 800 ఉన్నవాళ్లు మీసం మెలేస్తే ఆగమనాలి. ప్రాణం దగ్గరికొచ్చేసరికి లెక్క పూర్తిగా తిరగబడుతుంది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశంలో అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గోడకు కొట్టి చూసింది. వాటిలో 800కు వారసురాలైన ఆల్టో 800 కూడా ఉంది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ ఐదింటికీ పెద్దల భద్రతలో వచ్చిన నక్షత్రాలు సున్నా. ఆల్టోకే సున్నా వస్తే, అంతకు ముందు తరం 800 సంగతి చెప్పనక్కర్లేదు. ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు, ముందు నుంచి వచ్చే దెబ్బకీ మోకాళ్లకీ మధ్య ఉండేది పలచటి రేకు. ఈ-క్లాస్ మాత్రం 2024లో యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది. ఆ కారు ధరలో ఎక్కువ భాగం ఆడంబరానికే పోతుందని ఎగతాళి చేసేవాళ్లు ఈ మాట కూడా కలిపి చెప్పాలి.

ఈ ప్రాంతపు రోడ్లు తెలిసినవాళ్లకు ఇది కాగితం మీది సంగతి కాదు. చిత్తూరు నుంచి పలమనేరు వస్తుంటే మొగిలి ఘాట్‌లో లారీల బ్రేకులు కాలిన వాసన వస్తుంది. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అభయారణ్యం అంచున ఏనుగులు రోడ్డు దాటుతాయి. పాత 800 హెడ్‌లైట్ల పచ్చటి వెలుగులో బూడిదరంగు ఏనుగు కనిపించేసరికి బ్రేకు తొక్కే దూరం మిగలదు. ఇప్పుడు బైరెడ్డిపల్లె, పలమనేరు ప్రాంతాల మీదుగా బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా పడుతోంది. 262 కిలోమీటర్లు, గంటకు 120 కిలోమీటర్ల వేగానికి తగిన రోడ్డు. 145 మిల్లీమీటర్ల వెడల్పు టైర్ల మీద, వణుకుతున్న స్టీరింగ్ పట్టుకుని, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఆ రోడ్డెక్కడం ధైర్యమనిపించుకోదు.

మధ్యలో మూడో మార్గం ఒకటుందనుకుని చాలామంది పడుతున్న గొయ్యి గురించి కూడా చెప్పుకోవాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. దాంతో అక్కడి పాత లగ్జరీ డీజిళ్లు కొన్నేళ్లుగా ఎన్‌ఓసీలు పట్టుకుని మిగతా రాష్ట్రాలకు వలస వస్తున్నాయి. స్విఫ్ట్ ధరకే బెంజ్. ఫోన్‌లో ఫొటో చూస్తే కళ్లు చెదురుతాయి. అమ్మేవాడు ఒక్క మాట చెప్పడు. కారు ధర తగ్గింది గానీ దాని విడిభాగాల ధర తగ్గలేదు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారు ఒక మూలకు వంగిపోయిందంటే ఆ బిల్లు అరవై లక్షల కారు బిల్లే, ఆరు లక్షల కారు బిల్లు కాదు. మూడు నెలలు ఊరేగించి, నాలుగో నెల నుంచి చింతచెట్టు కింద టార్పాలిన్ కప్పి పెట్టడమే చివరికి మిగిలేది. పాత చిన్న కారు కొన్నవాడు బీదవాడు కాడు, పాత లగ్జరీ కారు కొన్నవాడే త్వరలో అవుతాడు.

పాత చిన్న కార్లు కూడా ఎంతో కాలం నడవవు. పదిహేనేళ్లు దాటిన కారు రీ-రిజిస్ట్రేషన్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటినవాటికి కేంద్రం దాన్ని 10,000 చేసింది. పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లు దానికి తగ్గట్టు తయారయ్యాయి. కార్బొరేటర్ కాలపు రబ్బరు పైపులు, గాస్కెట్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఫీజు పెంచడంలో తప్పు లేదు, పొగ తగ్గాలంటే ఏదో ఒక గీత గీయాల్సిందే. కాకపోతే అరవై వేలు కూడా చేయని బండికి పదివేలు కట్టమన్నప్పుడు, దాని బదులు ఏం కొనుక్కోవాలో కూడా ఆలోచించి పెట్టాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీని 18 శాతానికి తగ్గించడం ఆ దిశలో పడిన ఒక అడుగు.

చవగ్గా సరిపోయేదాన్ని పక్కన పెట్టే కథ పుంగనూరుకు కొత్తేమీ కాదు. పుంగనూరు ఆవు మూడడుగుల ఎత్తు కూడా ఉండదు, తక్కువ మేతతో కరువు నేలలో బతుకుతుంది, వెన్న ఎక్కువున్న పాలిస్తుంది. బక్క రైతుకు సరిపోయే పశువు. ఎక్కువ పాలిచ్చే సంకర జాతులు రాగానే దాన్ని పక్కన పెట్టారు, దాదాపు అంతరించేదాకా వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం పట్టుబట్టి కాపాడింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన నివాసంలో వాటికి మేత పెడుతున్న ఫొటోలు రాగానే దేశమంతా గిరాకీ పెరిగింది. ఇప్పుడది లక్షలు పలికే హోదా. ఒకప్పటి ఎకానమీ ఆవు లగ్జరీ ఆవు అయింది. అయితే ఆవుకు దూడ పుడుతుంది. విడిభాగాలు ఆగిపోయిన కారుకు ఆ అదృష్టం లేదు.

కాబట్టి తగాదా పాత కారుకూ కొత్త కారుకూ మధ్య కాదు. కారు కొన్నాక దాన్ని బాగుచేయించుకునే హక్కు ఎవరిదన్నదే ప్రశ్న. మన దేశంలో దీనిమీద పెద్ద తీర్పే వచ్చింది. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది. అసలు విడిభాగాలను బయటి మార్కెట్‌లో దొరకనివ్వడం లేదని, లోపాలు కనిపెట్టే పరికరాలను బయటి మెకానిక్కులకు ఇవ్వడం లేదని తేల్చింది. మెర్సిడెస్, బీఎండబ్ల్యూ ఆ జాబితాలో ఉన్నాయంటే ఆశ్చర్యం లేదు. మారుతి కూడా ఉంది, అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ కూడా ఉంది! కంపెనీలు అప్పీళ్లకు పోయాయి, కేసులు నానాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ప్రజలతో ఓటు వేయించి, డీలరుకు ఇచ్చే మరమ్మతు సమాచారం బయటి మెకానిక్‌కూ ఇవ్వాల్సిందేనని చట్టం తెచ్చుకుంది. మన దగ్గర 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ ఒకటి తెరిచింది. పోర్టల్‌లో కంపెనీల ఫోన్ నంబర్లు దొరుకుతాయి. మదనపల్లె మెకానిక్‌కు కావాల్సింది ఫోన్ నంబరు కాదు, సాఫ్ట్‌వేర్ తాళంచెవి.

ఇది బెంజ్‌లకే పరిమితమైన బాధ అనుకుంటే పొరపాటు. లగ్జరీ కార్లలో మొదలైన తాళాలు ఒక్కొక్కటే చిన్న కార్లలోకి దిగుతున్నాయి. ఎనిమిది లక్షల కారులోనూ ఇప్పుడు స్క్రీనులు, సెన్సర్లు, కంపెనీ తాళంచెవి తప్ప ఇంకేదీ ఒప్పుకోని కంప్యూటర్లు ఉన్నాయి. మొన్నటిదాకా ప్లగ్గు కొస చూసి రోగం చెప్పిన మనిషి రేపు డిజైర్ ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుంది. అతని దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాడు కూడా రాడు.

ఈ ప్రాంతంవాళ్లకు చెప్పదగిన మాట ఒకటే. ఊళ్లో, తోటకీ మండీకీ తిరగడానికి పాత 800 ఉంటే నిక్షేపంగా నడుపుకోండి, రాత్రిపూట హైవే మీదికీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ తీసుకుపోవద్దు. కుటుంబంతో బెంగళూరు, తిరుపతి తరచూ పోయేవాళ్లు ఆరు ఎయిర్‌బ్యాగులున్న కొత్త చిన్న కారు కొనండి. 2024 నవంబరులో డిజైర్ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు తెచ్చుకుంది, భద్రత కోసం డెబ్బయి ఎనభై లక్షలు పోయాల్సిన రోజులు పోయాయి. లగ్జరీ సెడాన్ కొనే స్తోమత ఉంటే కొనండి, కాని వారంటీ ఉన్నంతకాలమే ఉంచుకోండి. సంతకం పెట్టేముందు మాత్రం అమ్మేవాణ్ని ఒక్క ప్రశ్న అడగండి, ఇది మా ఊళ్లో ఆగిపోతే ఎవరు తెరుస్తారు? రవాణా శాఖకూ ఒక విన్నపం ఉంది. లక్షలకు లక్షలు లైఫ్ టాక్స్ వసూలవుతున్న ఈ జిల్లాల్లో ప్రతి ఐటీఐకీ అన్ని కంపెనీల కార్లనూ చదవగలిగే డయాగ్నస్టిక్ పరికరాలు కొనివ్వాలి, ఊరి మెకానిక్కులకు సాయంత్రం తరగతులు పెట్టాలి. పరికరాలకు తాళాలు వేసుకుని కూర్చున్న కంపెనీల చేత వాటిని తెరిపించాల్సిన పని ప్రభుత్వానిది.